మల్లయ్య మీసమూ మదాం గారి చేపలూ

తెలుగు కూలీలు ఓడలెక్కి వచ్చి చేరిన ఆ దీవిలో, మోకా చుట్టుపక్కల చెరకు తోటల్లో మల్లయ్య మీసం ఎరగనివాళ్లు లేరు. బండి కంటే ముందు మీసం వస్తుందని కూలి ఆడవాళ్లు నవ్వుకునేవారు. తోట దొరల ఎద్దుబండి తోలుకుని పోర్ట్ లూయిస్ రేవుకు పోయి వచ్చే మనిషికి ఆ మాత్రం ఠీవి ఉండాలని అతని అభిప్రాయం. పొద్దున్నే దానికి కొబ్బరినూనె పట్టించి, వేళ్లతో మెలిపెట్టి, ఆ తరువాతే ఎద్దులకు కుడితి పెట్టేవాడు. ఆ మీసానికి జరిగే సేవలో సగం తనకు జరిగినా చాలునని భార్య అంకమ్మ దెప్పేది.

అలాంటి మీసాన్ని పట్టుకెళ్లి పందెంలో పెట్టాడు, అదీ దేవుడి ఎదుట. చెల్లెలు సుబ్బమ్మ మొగుడు చలిజ్వరంతో పోతే, మల్లయ్య ఆమెను తన ఇంటికి తెచ్చుకున్నాడు. కొన్నాళ్లకు సింహాద్రి అప్పన్న దీపం దగ్గర తెలుగువాళ్లందరూ చేరి ఉండగా లేచి నిలబడి, మీసం మీద చెయ్యి వేశాడు.

"అప్పన్న సాచ్చిగా సెబుతున్నాను. నా సెల్లి ఇంక సెరుకు తోటలో కాలెట్టదు. ఎట్టిందంటే ఈ మీసం గొరిగించేసుకుంతాను."

అందరూ భేష్ అన్నారు. అన్న అంటే ఇలా ఉండాలన్నారు. సుబ్బమ్మను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అడగాలని మల్లయ్యకు తోచనైనా లేదు. ప్రాణం పెట్టుకున్న చెల్లెల్ని అడిగేదేముంది, చెయ్యడమే కదా అనుకునే రకం అతను.

సుబ్బమ్మ అంతకు ముందు కలుపు తీసే ఆడవాళ్ల జట్టులో ఉండేది. తెల్లవారకుండానే పారలు భుజాన వేసుకుని ఆడవాళ్లు వరసగా పోయేవారు. ఆ వరసలో సుబ్బమ్మ నవ్వితే ఎక్కడో చక్కెర మిల్లు దగ్గరున్న కూలీల మేస్త్రీ, సర్దారు, విని కసిరేవాడు. ఆ కసురు విని ఆమె ఇంకా నవ్వేది. ఇప్పుడు ఆ జట్టులో అంకమ్మ పోతోంది, సుబ్బమ్మ ఇంట్లో ఉంటోంది. చీపురు పట్టబోతే మల్లయ్య లాక్కునేవాడు. నీళ్లకు బయలుదేరితే కడవ తానే ఎత్తుకునేవాడు. మనిషి చూస్తుండగానే చిక్కిపోయింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేది. మల్లయ్య బజారు నుంచి మిఠాయి తెచ్చాడు, కొత్త చీర తెచ్చాడు. చీర పెట్టెలోకీ, మిఠాయి అంకమ్మ నోట్లోకీ పోయాయి. చెల్లెలు ఒక్కసారి మునుపటిలా నవ్వితే చాలని అతను ఏ దేవుడికి మొక్కలేదో చెప్పడం కష్టం.

అప్పుడే చేప వచ్చింది. మోకాలో మోనిక్ అనే ఒక ఫ్రెంచి మదాం ఉండేది. వరండాలో పెద్ద అద్దాల తొట్టె పెట్టుకుని చేపల్ని పెంచడం ఆవిడ సరదా. కలకత్తా స్టీమరులో ఆవిడ కోసం జాడీల నిండా చిన్న చిన్న చేపలు దిగాయి. వేలి పొడవు కూడా లేవు, ఒంటి మీద తలనుంచి తోకదాకా నీలి చారలు. వాటిని బండిలో చేరవేసే పని మల్లయ్యకు పడింది. కొండదారిలో బండి కుదుపుకు ఒక చేప జాడీలోంచి ఎగిరి గడ్డిలో పడింది. మల్లయ్య ఎద్దుల్ని ఆపి, దాన్ని తన మంచినీళ్ల చెంబులో వేసి, అంత దూరమూ చెంబు ఒడిలో పెట్టుకుని తోలాడు. మదాం చూసి, తోక చిరిగింది, బతికితే నువ్వే ఉంచుకో అంది.

ఇంకేం, చెల్లెలికి ఆట దొరికిందని మల్లయ్య ఉబ్బిపోయాడు. మిల్లు కిటికీలకు అద్దాలు బిగించే పియర్ అతని స్నేహితుడు. పగిలిన కిటికీల్లో మిగిలిన అద్దాలు కోసి, పుట్టీ పెట్టి ఒక తొట్టె చేసిచ్చాడు. మొదటిరోజు నీళ్లన్నీ కారి అంకమ్మ చాప తడిసింది. ఆవిడ పియర్‌నీ మొగుణ్ణీ కలిపి తిట్టింది. పియర్‌కు తెలుగు రాకపోయినా సంగతి అర్థమై మళ్లీ పుట్టీ పెట్టాడు. మల్లయ్య తొట్టెలో గులకరాళ్లు పరిచి, గూడులా ఒక రాయి పెట్టి, చేపను వదిలాడు.

చేప రాయి వెనక్కి పోయి కూర్చుంది. మర్నాడూ అక్కడే ఉంది. తవుడు వేస్తే ముట్టలేదు. నీలి చారలు వెలిసిపోయాయి. జడుసుకుందేమోనని మల్లయ్య తొట్టెను గది మూలకు జరిపాడు. అయినా కదలకపోతే పైన గుడ్డ కప్పాడు. చూడ్డానికి వచ్చిన పక్కింటివాళ్లను గుమ్మంలోంచే పంపేశాడు. నీళ్లు మార్చాడు, అప్పన్న దీపం దగ్గరి పువ్వు తెచ్చి తొట్టె మీద పెట్టాడు. సేవ పెరిగినకొద్దీ చేప నీరసించింది.

సుబ్బమ్మ గుడ్డ కొంచెం ఎత్తి చూసేది. "దీనికి ఏటీ తోచట్లేదు అన్నియ్యా," అంది ఒకనాడు.

"తోచడానికేటే? రాజాలాటి ఇల్లు కట్టించాను కదా దానికి!" అన్నాడు మల్లయ్య. అన్నాడే గాని, ఇది కూడా చస్తే చెల్లెలి మొహం ఎలా చూడాలో అతనికి తెలియలేదు.

బండి మోకా వైపు పోయినరోజు మదాం గుమ్మంలో నిలబడ్డాడు. వరండాలో తొట్టె చూసి నోరు తెరిచాడు. అవే చేపలు, గుంపుగా, ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగో పరుగు. ఒకటి మళ్లితే అన్నీ మళ్లుతున్నాయి. ఒకదాన్ని ఒకటి తరుముతోంది, తరిమినదాన్ని ఇంకొకటి తరుముతోంది. క్షణం నిలకడ లేదు.

"కొట్టుకుంటన్నాయా మదాం?" అని తనకొచ్చినంతలో అక్కడి క్రియోల్ భాషలో అడిగాడు.

"కాదయ్యా, ఆడుకుంటున్నాయి," అంది మోనిక్. "నీది ఎలా ఉంది?"

చెప్పాడు. మూల, గుడ్డ, గూడు, పువ్వు, అన్నీ దాచకుండా చెప్పాడు. ఆవిడ కోప్పడలేదు.

"దాని జబ్బుకి మందు నీ దగ్గర లేదు మల్లయ్యా. ఈ జాతి ఒంటరిగా బతకదు. గుంపులో ఉంటేనే తింటుంది, గుంపులో ఉంటేనే రంగు వస్తుంది. పరుగెత్తడానికి చోటు ఉంచు, పైన మూత పెట్టు, తవుడు కాదు, నిలవనీళ్లలో దోమపిల్లలు పట్టి వెయ్యి." ఆవిడ తొట్టెలో చేపలు గుడ్లు పెట్టి, పిల్లలై గుంపు పెరిగింది. ఒక జాడీ నింపి ఇచ్చింది.

సాయంత్రం మల్లయ్య గుడ్డ తీసేశాడు, గూడు రాయి తీసేశాడు, జాడీ వొంచాడు. కొత్తవి ఒక చుట్టు చుట్టి, గుంపు కట్టి పరుగు మొదలెట్టాయి. తోక చిరిగినది మూలనుంచి చూసింది. గుంపు పక్కనుంచి పోయింది. మళ్లీ పోయింది. మూడోసారి అది తోక విదిలించి వెనకే పడింది. సుబ్బమ్మ చప్పట్లు కొట్టింది.

ఆ తరువాత దోమపిల్లల్ని పట్టి వెయ్యడం సుబ్బమ్మ పనైపోయింది. చలిజ్వరం దోమలతోనే వస్తుందని డాక్టర్లు చెప్పడం ఆమె విన్నది. చేపలు వాటిని ఎగబడి మింగుతుంటే, "తినండి, ఒక్కదాన్నీ వదలొద్దు" అనేది. తోక చిరిగినదాని చారలు మళ్లీ నీలంగా తేలాయి. అయినా సుబ్బమ్మ నవ్వు మాత్రం పెదవుల దగ్గరే ఆగిపోయేది.

ఒక ఆదివారం జట్టు ఆడవాళ్లంతా చేపల్ని చూడ్డానికి వచ్చారు. సుబ్బమ్మ వాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుంది. మల్లయ్యకు ఉత్సాహం వచ్చేసింది. తొట్టె పక్కన నిలబడి, మీసం మెలేస్తూ, చేప కథంతా పంతులు పాఠం చెప్పినట్టు చెప్పాడు.

జట్టులో పెద్దది పోలమ్మ. దాని నోటికి సర్దారు కూడా జడుస్తాడు. "అయితే మల్లయ్యా, ఇల్లిచ్చేవు, తిండెట్టేవు, గాలి తగలకుండా గుడ్డ కప్పేవు. మరి దానికేటి తక్కువైంది?" అంది.

"తోటోళ్లు లేరు కదేటి!" అన్నాడు మల్లయ్య. "ఎంత గారంగా సూసుకుంతే మాత్రం, తోటోళ్లని దూరం సేసి మూల కూకోబెడితే ఏ పేణమైనా..."

మాట అక్కడే ఆగిపోయింది. చెయ్యి మీసం మీదే ఉండిపోయింది. సుబ్బమ్మ తల ఎత్తకుండా తొట్టెలోకే చూస్తోంది. మల్లయ్య గబగబా ఎద్దుల దగ్గరకు పోయి, సర్దిన గడ్డినే మళ్లీ సర్దుతూ నిలబడ్డాడు.

అందరూ వెళ్లాక సుబ్బమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"జట్టులోకి ఎల్తావేటమ్మా?" అన్నాడు మల్లయ్య, ఎద్దు మొహం చూస్తూ.

"ఎల్లాలనే ఉంది అన్నియ్యా."

"మరి ఇన్నాళ్లూ నోరిప్పి సెప్పలేదేం?"

"ఎలా సెప్పను? నలుగురిలో మీసం మీద సెయ్యేసి సెప్పేవు. నా వల్ల నీ తల ఒంగిపోద్దని ఊరుకున్నాను."

మల్లయ్యకు దుఃఖం ఆగలేదు. తాను చెల్లెల్ని కాపాడుతున్నాననుకుంటే, చెల్లెలు లోలోపల కుమిలిపోతూ తన మీసాన్ని కాపాడింది. ఎద్దు మెడ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు చీకటి విడకుండానే అప్పన్న దీపం దగ్గరకు పోయాడు. "తండ్రీ, మాట తప్పట్లేదు. మాట ప్రెకారమే సెల్లిస్తన్నాను," అని కత్తి తీసుకున్నాడు.

ఆడవాళ్లు పారలతో దారిలో వరస కడుతున్నారు. అంకమ్మ పక్కన సుబ్బమ్మ, భుజాన కొత్త పిడి వేసిన పార. మల్లయ్య లాంతరు పట్టుకుని ఎదురొచ్చాడు. అంకమ్మ ఎవరో పరాయి మగాడనుకుని కొంగు సర్దుకుంది. సుబ్బమ్మ లాంతరు వెలుగులో అన్న మొహం చూసింది. నున్నటి పై పెదవి, దాని మీద రెండు గాట్లు, అలవాటు కొద్దీ లేని మీసం మెలేస్తున్న వేళ్లు.

ముందు చేత్తో నోరు మూసుకుంది. ఆగలేదు. పార కింద పెట్టేసి, కడుపు పట్టుకుని నవ్వింది. వరస మొత్తం నవ్వింది. నవ్వుతూనే చెరకు మధ్యకు వెళ్లిపోయారు. మిల్లు వైపునుంచి సర్దారు కసరడం వినబడింది. ఆ కసురు విని సుబ్బమ్మ ఇంకా గట్టిగా నవ్వింది.