వెనక్కి తిరిగిన చెవి

పదిన్నరకల్లా గుర్రం తలకి మట్టి పూత మొదలుపెట్టాలి. తొమ్మిదింబావుకి ఆ ముసలాయన వచ్చి కొంప ముంచాడు.

నాలుగు రోడ్ల కూడలిలో నిలబెట్టబోయే, గుర్రమెక్కిన కర్నలు విగ్రహం అది. కర్నలు పోత ఎప్పుడో అయిపోయింది. కంచు కాళ్లు ఎడంగా పెట్టుకుని, కార్ఖానా వాకిట్లో ఓ చెక్కదిమ్మ మీద కూర్చుని గుర్రం కోసం ఎదురుచూస్తున్నాడు. గుర్రం ఒళ్లు కూడా పూర్తయింది. తల ఒక్కటే మిగిలింది. దాన్ని మైనంలో మలిచింది మేస్త్రీ కూతురు. పదిహేనేళ్లుగా తండ్రి చేసినవాటికి నునుపు పెట్టడమే ఆమె పని. మొదటినుంచి చివరిదాకా తన చేత్తో చేసింది ఇదొక్కటే. మైనం చుట్టూ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కంచు పోస్తారు. మట్టి పడ్డాక ఇక దిద్దుకోవడాలుండవు.

కర్నలు గుర్రాల్ని చూసుకున్న మనిషి కదా అని, కళ్లెం బకిల్ సరిగ్గా ఉందో లేదో చెప్పమని ముసలాయన్ని పిలిచారు. ఆయన బకిల్ వంక చూడనేలేదు. తల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“బాగుంది తల్లీ. కానీ దీని మీద ఎవరూ లేరు.”

“అదేంటి తాతా! కర్నలుగారు బయట కూర్చున్నారుగా?”

“ఆ సంగతి దీనికి తెలియాలిగా. రెండు చెవులూ ముందుకే పెట్టావు. మనిషి ఎక్కిన గుర్రం ఒక చెవి వెనక్కి పెడుతుంది, పైన కూర్చున్నవాడు ఏమంటాడోనని. మా కర్నలుగారైతే కళ్లెం లాగేవారే కాదు. ఊరికే మాట్లాడుతుండేవారు.”

“ఏం మాట్లాడేవారు?”

“ఏముంటాయి? మోకాలి నొప్పి. పక్క బెటాలియన్ మీద చాడీలు. నాకంటే దానికే ఎక్కువ తెలుసు.”

ఆమె నవ్వింది. నవ్వుతూ తల వైపు తిరిగి, ఆగిపోయింది. నిజమే. ఎంత అందంగా ఉందో అంత ఒంటరిగా ఉంది. తప్పు దొరికినందుకు సిగ్గు పడాల్సింది పోయి ఇంత సంతోషమేమిటో ఆమెకే అర్థం కాలేదు.

“నాన్నా, ఎడమ చెవి తిప్పుతున్నా.”

మేస్త్రీ గమేళాలో మట్టి కలుపుతున్నవాడల్లా లేచాడు. “మతిపోయిందా? చెవి వెనక్కి వంగితే దాని కొసలో గాలి చిక్కుతుంది. కంచు అక్కడిదాకా ఎక్కదు. మొండి చెవి గుర్రాన్ని పెడతావా ఊరి మధ్య?”

“కొసనుంచి వేరే గాలిగొట్టం పెడతా.”

“సన్నటిది. మధ్యలోనే పూడుకుపోతే?”

“నా తల నాన్నా ఇది.”

“నీదో గుర్రానిదో తేల్చుకో ముందు,” అన్నాడు మేస్త్రీ. కానీ మట్టి చేత్తో గడియారం చూసి, “గంట,” అన్నాడు.

కత్తి వేడిచేసి చెవి కోసింది. అరచేతిలో అది ఆకులా తేలిగ్గా ఉంది. వెనుక తండ్రి నిలబడ్డాడు. ఆయన ముక్కుతో గాలి వదిలితే ఒక అర్థం, గొంతు సవరించుకుంటే ఒక అర్థం. ఇన్నేళ్లూ చేతుల కంటే ముందు తన వీపే, ఈ చెవిలాగే, వెనకున్న మనిషిని వింటూ పనిచేసిందని ఆమెకి తట్టింది. దాన్నెప్పుడూ భయం అనే పిలుచుకుంది. భయమే అయితే ముందుకి ఇంత దూరం ఎలా వచ్చింది? చెవిని మెల్లగా తిప్పి, అతుకు కరిగించి, ఊదింది. కొసకి పుల్లంత సన్నటి మైనపు గొట్టం అంటించింది; అది కరిగిన దారినే గాలి బయటికి పోవాలి. పదీ ఇరవై ఐదు.

ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. “ఆఁ! ఇప్పుడు ఎక్కారు!” అన్నాడు.

పదమూడో రోజు మధ్యాహ్నం పోత. కొలిమి హోరుకి రేకుల కప్పు అదురుతోంది. మేస్త్రీ ఒకవైపు, ఆయన తమ్ముడు, ఆమె బాబాయి, ఒకవైపు కరిగిన కంచు ఉన్న మూస పట్టుకుని గుంటలోని అచ్చు మీదికి వంచారు. వాళ్లకి మూసా ధారా తప్ప ఏమీ కనబడదు. అచ్చు పైన మూడు గాలిరంధ్రాలు. అన్నిట్లోనూ కంచు పైకొస్తే నిండినట్టు. చూసి చెప్పాల్సింది ఆమె.

మెడ రంధ్రంలో ఎర్రగా మెరిసింది. “ఒకటి!” కుడి చెవి. “రెండు!”

ఎడమది చీకటిగానే ఉంది.

“చాలా?” అని అరిచాడు తండ్రి. మొదటి రెండూ అప్పటికే పొంగి మట్టి మీదికి కారుతున్నాయి. “మూసలో అడుగు కనిపిస్తోందే! ఆపనా?”

“ఆపొద్దు!”

“అమ్మాయ్, మూడోది పూడింది, వదిలెయ్,” అన్నాడు బాబాయి.

ఆమె మోకాళ్ల మీద కూలబడి రంధ్రం మీదికి వంగింది. కనుబొమలు కమురు వాసన వేస్తున్నాయి. లోపలినుంచి ఓ సన్నటి ఈల. గాలి! ఇంకా గాలి వస్తోంది, పూడలేదు!

“పొయ్యి నాన్నా! పొయ్యి!”

బాబాయి మూస వెనక్కి లాగబోయాడు కానీ మేస్త్రీ చెయ్యి కదల్లేదు. ఆమె గొంతు ఎటు చెబితే ధార అటే. ఈల సన్నబడింది, తెగింది. చీకట్లోంచి కందిగింజంత ఎరుపు లేచింది, ఉబ్బింది, రంధ్రం అంచుమీద నిండుగా నిలబడింది.

“మూడు!” అని ఆమె వేసిన కేకకి వీధిలో వెళ్లేవాళ్లు కూడా ఆగి లోపలికి తొంగిచూశారు.