అద్దాల బీరువా బొమ్మలు

జకార్తాలో రైలు పట్టాల పక్క వాడలో వార్సిని నడిపే పసిపిల్లల బడి అంటే ఒకటే గది. పొద్దున బడి, సాయంత్రం వాడ పెద్దల కబుర్లు, వరదొస్తే సగం వాడకి పడక. ఆ గదిలో విలువైనది గోడకానించిన అద్దాల బీరువా ఒక్కటే. దాని నిండా చెక్క దిమ్మలు, రంగు పూసలు, బుల్లి వంటసామాను. ఏదో కంపెనీ వాళ్లు పిల్లలతో ఫొటోలు దిగి, చేతులు దులుపుకుని ఇచ్చిపోయారు. దాని తాళంచెవి ఎప్పుడూ వార్సిని మెడలోనే ఉండేది.

పిసినారితనం కాదు, భయం. అంతకుముందున్న బొమ్మలు సగం విరిగాయి, సగం వరదలో కాలవ పాలయ్యాయి. తనిఖీకొచ్చినవాళ్లు బొమ్మల్లేని బడేం బడి అని మూయించేశారు. బడి లేని పిల్లలు పట్టాల మీద ఆడుకున్నారు. ఒక పసివాడు ఇంటికి తిరిగి రాలేదు. బడి మళ్లీ తెరిచాక వార్సిని ఏ బిడ్డనీ బొమ్మల జోలికి పోనివ్వలేదు. చేతులు కట్టుకుని కూర్చోవడం, పాటలు, అక్షరాలు వల్లించడం, ఇవే నేర్పింది.

అందరిలోకీ బుద్ధిమంతురాలు కినాసి. దాని అమ్మమ్మ తుమీరా సందు మొదట్లో బజ్జీలు వేసి అమ్ముతుంది. వాడంతా వార్సినిని అమ్మా అన్నట్టు ‘బుందా’ అని పిలుస్తుంది, తుమీరా కూడా అంతే.

“మా పిల్లని చూడు బుందా, పెట్టిన చోట పెట్టినట్టుంటది. వాళ్లమ్మ పోలికొస్తే ఈపాటికి వాడంతా పీకి పందిరేసేది!”

“ఇంట్లోనైనా ఆడుకుంటుందా?”

“చోటేదీ? కాళ్లు చాపితే పక్కింటోళ్ల గోడ తన్నినట్టే!” అని తుమీరా నవ్వేది.

వచ్చే ఏడు కినాసి పెద్దబడికి పోవాలి. పెన్సిలు పట్టుకుంటే వేళ్లు నిలవవు. గౌను గుండీ పెట్టుకోలేదు. అడిగితే తప్ప మాట్లాడదు. వార్సినికి ఇదంతా తెలుసు. ఎదిగితే అదే వస్తుందిలే అని సరిపెట్టుకుంది.

మళ్లీ తనిఖీ వచ్చింది. ఈసారి హెస్తి అనే ఆఫీసరమ్మ, వెంట ఒక పెద్దమనిషి. వార్సిని తాళం తీసి బొమ్మలన్నీ చాప మీద పరిచి, “ఆడుకోండర్రా!” అంది. ఒక్కరూ కదల్లేదు. హెస్తి కినాసి పక్కన చతికిలబడి ఒక చెక్క దిమ్మ దాని చేతిలో పెట్టింది.

“దీంతో ఏం చేస్తావమ్మా?”

కినాసి దిమ్మని కాసేపు చూసింది. గౌను అంచుతో అన్ని వైపులా శ్రద్ధగా తుడిచి, లేచి వెళ్లి బీరువాలో దాని చోట్లో పెట్టింది. వచ్చి ఇంకొకటి తీసుకుంది. బుందా బొమ్మలతో చేయగా ఆ పిల్ల చూసిన పని అదొక్కటే. మిగతా పిల్లలూ లేచారు. చూస్తుండగానే చాప ఖాళీ అయింది.

“ఆహా, ఏం క్రమశిక్షణ!” అన్నాడు పెద్దమనిషి. అలాంటివాళ్లకి కళ్లుండీ ఏం లాభం?

హెస్తి గడప దగ్గర ఆగింది. “బడికేం ఢోకా లేదు బుందా. బొమ్మలు కొత్తవాటిలా ఉన్నాయి.” తర్వాత గొంతు తగ్గించింది. “ఆ పిల్లకి ఎవరైనా ఆడుకోవడం నేర్పండి. ఇప్పటికే ఆలస్యమైంది.”

వార్సినికి అప్పుడు అర్థమైంది. రైలు కింద పడకుండా కాపాడుకున్న పిల్లల్ని తన చేతులతోనే ఇలా చేసుకుంది.

మర్నాడు పిల్లలు రాకముందే బొమ్మలన్నీ నేల మీద గుమ్మరించింది. వాళ్లొచ్చాక తానే దిమ్మల మీద దిమ్మలు పేర్చి, ఒక్క తోపుతో పడగొట్టి నవ్వింది.

“రండర్రా, మీరూ పడగొట్టండి! విరిగితే విరగనీ!”

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కినాసి వాకిలి వైపు ఒకసారి చూసి, గౌను సర్దుకుని కూర్చుంది.

“ఇవాళ ఎవరొస్తున్నారు బుందా?”

“ఎవరూ రారు తల్లీ. ఇవి మీవే.”

కినాసి సరేనని తలూపింది. కట్టుకున్న చేతులు మాత్రం విప్పలేదు.