కాంతమ్మకు మూడు పూతలు

శాలేమురాజు బక్కెట్లో సున్నాన్ని కర్రతో కలిపి, చిటికెడు నీలిమందు వేసి మళ్లీ కలిపాడు. వేళ్ల సందులు ఎప్పుడో పొక్కిపోయాయి.

ఏటా ఈస్టరుకు ముందురోజు కొలకలూరు సమాధుల తోట తిరునాళ్లలా ఉండేది. తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి జనం దిగి, ఎవరి పెద్దల సమాధులకు వాళ్లే వెల్ల వేసుకునేవారు. ఈసారి లాక్‌డౌన్. బస్సుల్లేవు, చర్చికి తాళం. ఫోన్లన్నీ తోట కాపలా కాసే శాలేమురాజుకే. అందరికీ ‘సరేనండి’ అన్నాడు. కాదనడం ఆ మనిషికి పుట్టుకతోనే రాదు. అరవై ఎనిమిదేళ్ల నడుము మొరాయిస్తున్నా, నాలుగడుగులకే ఆయాసం వస్తున్నా వారం రోజులు ఒక్కడే తోటంతా తెల్లబరిచాడు. ఇక మిగిలినవి రెండే. ఒకటి భార్య కాంతమ్మది, రెండోది బర్నబాస్ మాస్టారిది. సున్నం మాత్రం ఒక్క బక్కెట్టే. అమ్మే కొట్టు మూసి రెండు వారాలు దాటింది.

మాస్టారు పోయి ఏడాది కాలేదు. “నాన్నకిది తొలి ఈస్టరు బాబాయ్. బోసిగా ఉంచమాక,” అని బాపట్ల నుంచి ఆయన కూతురు కరుణశ్రీ ఫోన్లో ఏడ్చింది. మాటిచ్చాడు.

బక్కెట్టు పట్టుకుని మాస్టారి వైపే బయల్దేరాడు. దారిలో కాంతమ్మ. ఆమె పోయిన పదకొండేళ్లుగా, అడిగినవాళ్లందరికీ సున్నం పోసేశాక ఆమె వంతుకు బక్కెట్టు కడిగిన నీళ్లే దక్కాయి. బతికినన్నాళ్లూ అంతే, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే తినేది పిచ్చిది. ఒక్క పూత వేస్తే ఏం పోయింది అనుకున్నాడు.

వేశాడు. ఎండకు ఆరుతూ సమాధి తెల్లబడుతుంటే ఆమె నవ్వినట్టే ఉంది. వేపపూత రాలి తడి సున్నానికి అంటుకుంటోంది. రైళ్లు లేక ఊరంతా పగలే నిద్రపోతోంది.

“ఏంటే, అట్టా చూస్తావు? ఎవరూ రారులే,” అన్నాడు.

ఇంకొంచెం పట్టించయ్యా అని ఆమె అన్నట్టే వినపడింది. రెండో పూత వేశాడు. పెళ్లినాటి కబుర్లు చెబుతూ మూడోదీ వేశాడు. తేరుకునేసరికి బక్కెట్టు అడుగు కనిపించింది.

పొద్దు వాలుతుండగా కరుణశ్రీ ఫోన్ చేసింది.

“అయిపోయిందా బాబాయ్?”

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. “లేదమ్మా. సున్నమంతా మీ పిన్నికే వేసేశాను. తప్పయిపోయింది.”

“పోన్లే బాబాయ్,” అంది.

తిట్టినా బాగుండేది అనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాడు. “ఎట్టాగోట్టా తెల్లగా చేస్తానమ్మా,” అని ఫోన్ పెట్టేసి, గబగబా ఇంటికి నడిచాడు.

ఈస్టరు తెల్లవారుజామున పాస్టరు గారు కొవ్వొత్తి పట్టుకుని ఒక్కరే తోటకు వచ్చారు. మాస్టారి సమాధి పక్కన వేపచెట్టుకు ఆనుకుని శాలేమురాజు కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాడు. పిలిచారు. భుజం తట్టారు. ఒళ్లు అప్పటికే చల్లబడిపోయింది.

ఈస్టరునాడు ఎంత లేనివాడైనా తెల్లబట్ట కట్టడం ఆ ఊరి ఆనవాయితీ. శాలేమురాజు సున్నం మరకల లుంగీలోనే ఉన్నాడు. అతనికున్న ఒకే ఒక్క తెల్ల పంచె మాస్టారి సమాధి మీద ఆ చివర నుంచి ఈ చివరకు పరిచి ఉంది, గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు ఇటుకముక్కలతో.