మడ్డి గ్లాసు ఎవరికి

మా ఊళ్ళో నల్లబీరు రుచి చూసే రోజున గ్లాసుల్లో పోసేది నేనే. కెఫే నాది, బల్లలు నావి, బీరు మాత్రం ఎదురింటి ఫిర్మిన్‌ది. రోడ్డుకి ఈ పక్క నేను, ఆ పక్క అతని బ్రూవరీ. అతను కాచిన ప్రతి కొత్త విడతనీ ముందు నా కెఫేలోనే రుచి చూడాలి. అదీ ఆదివారం పూట, చర్చి నుంచి జనం తిరిగొచ్చాక, పొయ్యి పక్కనున్న గుండ్రటి బల్ల దగ్గర. ఈ ఆనవాయితీ ఫిర్మిన్ తాత నాటిది. నేను పెళ్ళై ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికే ఉంది, మా ఆయన పోయాక కూడా నడుస్తోంది.

పోయడానికో పద్ధతి ఉంది. పెద్ద సీసా ఒకటే తెరుస్తాం, బల్ల దగ్గర కూర్చున్న అందరికీ అందులోంచే. సీసాని కుదపకుండా తెచ్చి, కాడ గ్లాసుని వాల్చి, నెమ్మదిగా పోయాలి. ఫిర్మిన్ గ్లాసు ఆఖరున. సీసా అడుగున ఈస్ట్ మడ్డి పేరుకుని ఉంటుంది, అది మాత్రం గ్లాసులోకి రాకూడదు. వచ్చిందా, బీరు మసకబారిపోయి పచ్చి రొట్టెపిండి వాసన కొడుతుంది. సీసాలో వదిలేసిన ఆ మడ్డిని ఫిర్మిన్ చివర్లో గిరగిరా తిప్పి, ఒక చిన్న గ్లాసులో వంచి, ఆ విడత కాచినవాళ్ళ చేతికిస్తాడు. బీరు పాసయిందనడానికి అదే గుర్తు. ఎప్పుడూ కాచేది తనే కాబట్టి ఇన్నేళ్ళూ తనకు తనే ఇచ్చుకుని, తనే తాగి, మీసాలు తుడుచుకునేవాడు. బాగా రాని విడత అయితే మడ్డి సీసాలోనే ఉండిపోయేది, బీరంతా కాలవ పాలయ్యేది.

ఈసారి కాచింది అతను కాదు. చలికాలంలో ఫిర్మిన్ జ్వరంతో మంచం పట్టాడు. బతుకుతాడో లేదో అన్నట్టుండేది. వాళ్ళమ్మాయి రోజెలిన్ అతనికి గంజి పోస్తూ, మధ్య మధ్యలో పరిగెత్తుకెళ్ళి ఒక్కతే బీరు కాచింది. చదువైపోయిన దగ్గర్నుంచీ తండ్రి పక్కనే పనిచేస్తోంది గానీ ఆఖరి మాట ఎప్పుడూ ఆయనదే. మా బీరుకి ఆ నలుపు వచ్చేది కలకండ పాకం వల్ల. పాకం ముదిరినకొద్దీ నలుపు, ఇంకాస్త ముదిరితే మాడు. ఎప్పుడు దించాలో ఫిర్మిన్ పొగ వాసన చూసి చెప్పేవాడు. ఈసారి చెప్పేవాడు మంచం మీద ఉన్నాడు. ఆ పిల్ల తనకు తోచినప్పుడు దించింది.

మార్చి నెల ఆదివారం, బయట బీరుకి చేదునిచ్చే హాప్ తీగల తోటల్లో ఇంకా ఒట్టి గుంజలే ఉన్నాయి. బల్ల దగ్గర ఫిర్మిన్, రోజెలిన్, బేకరీ అషీల్, నేను. అషీల్‌కి సొంత నాలుకంటూ లేదు. ఫిర్మిన్ ఏదంటే అదే అంటాడు. అయినా వాళ్ళ నాన్న కూర్చున్న కుర్చీ కాబట్టి వచ్చి కూర్చుంటాడు. రోజెలిన్ ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బల్ల మీదున్న ఆ చిన్న గ్లాసునే చూస్తోంది. ఆ గ్లాసు ఇవాళ తన చేతికి వస్తుందా రాదా అన్నదే దాని ప్రాణం.

నేను పోస్తున్నాను. సరిగ్గా ఫిర్మిన్ గ్లాసు దగ్గరికొచ్చేసరికి అషీల్ మొదలెట్టాడు.

"జుల్మా, మొన్న నీ కెఫేలో సూప్ తాగాను. అందులో కుందేలు ఉందన్నావ్. స్నానం చేసి వెళ్ళిపోయిందా ఏంటి?"

"నీ రొట్టెల్లో కిస్‌మిస్‌లున్నాయంటావే, వాటిని వెతకడానికి వెళ్ళింది," అన్నాను అతని వైపు తిరిగి.

ఆ తిరగడమే నా కొంప ముంచింది. చెయ్యి పోస్తూనే ఉంది. చూసుకునేసరికి సీసా ఖాళీ. మడ్డంతా ఫిర్మిన్ గ్లాసులోకి దిగి, తెరలు తెరలుగా తిరుగుతోంది. పోయడం మొదలెట్టాక నా జన్మలో చెయ్యని పని. తిట్లకు చెవులు సిద్ధం చేసుకున్నాను. మడ్డి పడ్డ గ్లాసు ముందు పెడితే ఫిర్మిన్ బిషప్‌నైనా వదలడు.

అతను గ్లాసు వంక చూడనైనా లేదు, రోజెలిన్‌నే చూస్తూ ఎత్తి ముక్కు దగ్గర తిప్పాడు. గుక్క తాగాడు. ఇంకో గుక్క.

"తేటగా ఉంది," అన్నాడు. "ఎండు ద్రాక్ష, అంజీర, కలకండ, చివర్లో లవంగం. బాగుంది."

"లవంగం, అవునవును," అన్నాడు అషీల్.

మడ్డి సంగతి అలా ఉంచండి. ఇవే మాటలు, ఇదే వరస, కిందటి శరత్కాలంలో తాగిన విడతకి చెప్పాడు. ఇన్నేళ్ళలో ఫిర్మిన్ ఒకసారి చెప్పిన మాట మళ్ళీ చెప్పడం నేనెరగను. ఒకసారి తడిసిన గుర్రపు జీనులా ఉందన్నాడు. ఒకసారి తన మేనత్త బట్టల బీరువా వాసన అని, నేను కాదన్నందుకు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

తర్వాత సీసా తీసుకుని గిరగిరా తిప్పి చిన్న గ్లాసులోకి వంచాడు. ఒక్క బొట్టు రాలింది. సీసాలోకి తొంగి చూశాడు. అర్థం కానట్టు బల్ల మీద పెట్టేశాడు. చిన్న గ్లాసు అలాగే ఉండిపోయింది.

రోజెలిన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. గ్లాసులు పోగుచేసుకుని వంటింట్లోకి వెళ్ళింది. నేనూ వెనకే పరిగెత్తాను.

"తప్పు నాదే తల్లీ. వాగుతూ మడ్డి కూడా పోసేశాను."

"చూశాను పిన్నీ. చెయ్యి జారడం ఎవరికైనా ఉంటుంది. కానీ నోట్లో మడ్డి పడితే నాన్న ఊరుకుంటాడా? కెఫే పైకప్పు ఎగిరిపోదూ? తేటగా ఉందన్నాడంటే ఏంటి అర్థం? రుచి చూడలేదు. పెదవులు తడుపుకుని పాత పాఠం అప్పజెప్పాడు. కూతురు కష్టపడింది కదా, పోన్లే అని." గ్లాసులు గట్టు మీద పెట్టేసింది. "బాగాలేదని తిట్టినా పడేదాన్ని. ఈ జాలి నాకెందుకు? వెళ్ళి అంతా కాలవలో పోసేస్తున్నా."

"ఆగవే!" అంటుండగానే పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

అక్కడే నిలబడ్డాను. రుచి చూడలేదంటోంది, కానీ ఫిర్మిన్ గొంతులోంచి బీరు దిగడం నేను కళ్ళారా చూశాను. సగం గ్లాసు తాగాడు. మరి మడ్డి తగల్లేదా? అప్పుడు గుర్తొచ్చింది. కిందటి వారం నా పొయ్యి మీద ఉల్లిపాయలు బొగ్గులైపోతుంటే కెఫే అంతా దగ్గుకుంటూ బయటికి పరిగెత్తారు. ఫిర్మిన్ మాత్రం కిటికీ పక్కన పేపర్ చదువుకుంటూ కూర్చున్నాడు. మొండివాడు, కుర్చీ వదలడు అనుకుని నవ్వుకున్నాం.

అల్మారాలోంచి ఘాటు వాసన కొట్టే ఎర్వ్ జున్ను డబ్బా తీశాను. నా దగ్గరున్నది బాగా పండింది. మూత తీస్తే పక్క బల్లవాళ్ళు లేచి బయటికి వెళ్ళిపోతారు. ముందు అషీల్‌ని సాగనంపాను.

"నీ కొట్లో రొట్టెలు మాడుతున్నాయి, పో."

"ఆదివారం నేను రొట్టెలు కాల్చను."

"అయితే వెళ్ళి కాల్చు!"

వాడు టోపీ పెట్టుకుని వెళ్ళాక ఫిర్మిన్ ఎదురుగా కూర్చున్నాను. "కళ్ళు మూసుకో. నీ ముక్కు కింద ఏం పెట్టానో చెప్పు."

"చిన్నపిల్లల ఆటలేంటే ఈ వయసులో?"

"మూసుకోమన్నానా!"

మూసుకున్నాడు. జున్ను మీసాలకి తగిలేంత దగ్గర పెట్టాను. చాలాసేపు గాలి పీల్చాడు. నుదురు ముడిపడింది.

"రొట్టె," అన్నాడు మెల్లగా. "రొట్టేనా?"

నా కళ్ళు చెమర్చాయి. అతను కళ్ళు తెరిచి, జున్ను చూసి, తల దించుకున్నాడు.

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ అంతే జుల్మా. తీపీ చేదూ ఏదో దూరం నుంచి తెలుస్తాయి. మిగతాదంతా వేణ్ణీళ్ళే. ఇవాళ బీరులో చేదు కాస్త ఎక్కువనిపించింది. పాడైంది నా నాలుకే కదా, ఆ తప్పు నాలుకదే అనుకున్నా."

"దాంట్లో మడ్డి కలిపి పోశానయ్యా! తిట్టవేంటా అని చూస్తున్నా!"

అతను ఖాళీ సీసా వంక చూశాడు. ఇప్పుడర్థమైంది. "అయితే రోజెలిన్..."

"నువ్వు తాగకుండానే పొగిడావనుకుంటోంది. మడ్డి గ్లాసు కూడా ఇవ్వలేదుగా. అవతల సీసాలు కాలవలో పోసేస్తోంది. లే!"

అతను టోపీ కూడా పెట్టుకోకుండా లేచాడు. నేను ఆ చిన్న గ్లాసు ఏప్రన్ జేబులో వేసుకుని, కాడ గ్లాసులు పట్టుకుని వెనకే నడిచాను.

బ్రూవరీ వాకిట్లో రోజెలిన్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఒక పెట్టె అప్పటికే ఖాళీ. గోధుమరంగు నురగ రాళ్ళ మధ్య నుంచి కాలవలోకి పోతోంది. ఇంకో సీసా మూత మీద చెయ్యి వేసింది.

"ఆగమ్మా," అన్నాడు ఫిర్మిన్. "నాకు వాసన పోయింది."

ఆమె తలెత్తలేదు. "ఏంటి?"

"ముక్కు చచ్చిపోయింది. జ్వరంలో. నీ బీరు తాగాను, నిజంగా తాగాను. ఎలా ఉందో నాకు తెలీదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"ఏమని చెప్పను? నువ్వు ఒక్కదానివీ కాచిన మొదటి బీరు. పదేళ్ళ నుంచి నా మాట కోసం చూస్తున్నావు. నీకు కావాల్సింది పొగడ్త కాదు, నిజం. ఆ నిజం నా దగ్గర లేదు. అందుకే పాత మాటలు చెప్పాను." రాళ్ళ మధ్య పోతున్న నురగ వంక చూశాడు. "సిగ్గేసింది రోజెలిన్. భయం కూడా వేసింది."

రోజెలిన్ సీసా కింద పెట్టింది. లేచి వచ్చి తండ్రి చేతులు రెండూ పట్టుకుంది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. నాకు ఓపిక తక్కువ, పైగా ఎండ ఉన్నా చలిగాలి కోసేస్తోంది. పెట్టె ఒకటి బోర్లించి, దాని మీద గ్లాసులు పేర్చి, కొత్త సీసా తెరిచాను. ఈసారి అడుగు చూసుకుంటూ పోశాను.

ఫిర్మిన్ గ్లాసు ముట్టుకోలేదు. "నువ్వు ముందు చెప్పు," అన్నాడు కూతురితో.

ఆ బల్ల దగ్గర గానీ ఇంకెక్కడ గానీ అతని కంటే ముందు ఎవరూ చెప్పింది లేదు. రోజెలిన్ తాగింది. "బాగుంది నాన్నా."

"అషీల్ మాట్లాడినట్టు మాట్లాడకు. సరిగా చెప్పు."

ఆమె మళ్ళీ తాగి కళ్ళు మూసుకుంది. "పాకం ముదిరింది. నువ్వుంటే ముందే దింపించేవాడివి. మాడు దాకా వెళ్ళి, గడప దగ్గర ఆగింది. ముందు ఎండిన ప్లమ్ పండు. తర్వాత రై రొట్టె అడుగున నల్లగా ఉంటుందే, ఆ పెచ్చు. తీపి ఎక్కువసేపు నిలవదు, చేదొచ్చి తుడిచేస్తుంది. చివర్లో మిరియం ఘాటు."

"లవంగం?"

"లవంగం అసలు లేదు నాన్నా."

ఫిర్మిన్ ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు తన గ్లాసెత్తి, వాసన చూసే పని పెట్టుకోకుండా, నోటినిండా తీసుకుని ఆగాడు.

"నాకు తెలిసినంత నేను చెప్తా విను. నురగ పళ్ళకి ఆనుతోంది. నాలుక మీద బరువుగా కూర్చుని, దిగేటప్పుడు తేలిగ్గా దిగుతోంది. నా బీరయితే గొంతులోనే వేడి తెలుస్తుంది. నీది దిగిపోయి, ఎటు పోయిందా అనుకుంటుంటే చెవుల్లోకి వస్తోంది." గ్లాసు దించాడు. "ఇలాంటిది నేనెప్పుడూ కాయలేదు. ఇది నీదే."

నేను ఏప్రన్‌లోంచి చిన్న గ్లాసు తీసిచ్చాను. అతను సీసాని గిరగిరా తిప్పి, బురదలా ఉన్న ఆ మడ్డిని చివరి చుక్క వరకూ వంచి, రెండు చేతులతో రోజెలిన్‌కి అందించాడు. ఆమె గటగటా తాగేసింది. ముఖం చిట్లించింది. పెదవి పైన తెల్లటి చార మిగిలింది.

"మడ్డి ఎలా ఉంది?" అని అడిగాడు ఫిర్మిన్. ఆ రుచి తనకిక లేదని తెలిసే అడిగాడు.

రోజెలిన్ పెదవులు చప్పరించింది. ఉన్నట్టుండి ఏడుపొచ్చేసింది దానికి.

"చేదుగా, పచ్చి పిండిలా ఉంది. చిన్నప్పుడు ఆదివారాలు నువ్వు కెఫే నుంచి వచ్చి నన్నెత్తుకుని ముద్దు పెట్టేవాడివి చూడు. అప్పుడు నీ మీసాల దగ్గర ఇదే వాసన నాన్నా."

ఫిర్మిన్ ఇంకోసారి చెప్పమన్నాడు. ఆమె ఇంకోసారి చెప్పింది.