దగ్గుతో సహా

కొత్త కోటు చింపడానికి టేపూ, సుద్దముక్కా కావాలని ఆ కుట్టు దుకాణంలో అంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగినవాడు సొంత తమ్ముడు కాబట్టి అక్క విసుక్కుంటూనే కొలిచింది. కుడి భుజం కింద జానెడు చిరుగు, దాన్నుంచి వేలాడే పోగులు. నమూనాకి తమ్ముడు ఒక ఫోటో తెచ్చాడు. అందులోని గాయకుడు ఎప్పుడో ఏ ముళ్ళకంచెకో తగులుకుని కోటు చింపుకున్నాడు, కుట్టించుకునే దిక్కులేక అలాగే తిరిగాడు. ఆ దరిద్రాన్ని ఇప్పుడు ఊళ్ళో కుర్రకారంతా కొలతలు పెట్టి మరీ కొత్త కోట్ల మీదికి దించుకుంటోంది.

"ఇంకో పోగు లాగక్కా. ఫోటోలో ఎక్కువున్నాయి."

"లాగుతాలే. నీ బుర్రలో గుజ్జేమన్నా ఉంటే అదీ లాగనా?"

జుట్టు నిక్కబొడిపించుకు తిరుగుతాడని తమ్ముణ్ణి అందరూ ముళ్ళపంది అంటారు. వాడు ఒక పంక్ బ్యాండుకి గాయకుడు. చెవికి పిన్నీసు గుచ్చుకుని చీము పట్టించుకున్న గిటారువాడి పేరు పిన్నీసు. బేసు గిటారు వాయించేవాడు నోరు విప్పే రకం కాదు కాబట్టి వాడి సంగతి ఇంతటితో సరి. డ్రమ్స్ అక్కవి. తమ్ముడి పిలుపే అందరికీ అలవాటై, బ్యాండులోనూ ఆమె అక్కే.

ఎవరి మాటా వినం అని గొంతు చించుకోవడమే పంక్ అట. అది ఎలా చించుకోవాలో మాత్రం తమ గురువుల్ని అడక్కుండా ఒక్కడూ నోరు తెరవడు. గురువులంటే ఆ ఫోటోలోని గాయకుడి బ్యాండు, వీళ్ళు పుట్టకముందే విడిపోయింది. వాళ్ళు వేదిక మీద పాడిన రికార్డు ఒకే ఒక్కటుంది. అందులో ఆఖరి పాట మధ్యలో గాయకుడికి దగ్గు తెర వచ్చింది. వాయించేవాళ్ళు ఆగారు, ఆయన దగ్గడం అయ్యాక మళ్ళీ అందుకున్నారు. జరిగింది అంతే.

"అది లోకం మొహాన ఉమ్మడం," అన్నాడు పిన్నీసు, కళ్ళు మూసుకుని.

"జలుబు చేసుంటుందిరా," అంది అక్క.

అపచారం జరిగిపోయినట్టు ముగ్గురూ ఆమెను గుడ్లురిమి చూశారు. ఆ దగ్గుని ముళ్ళపంది రోజూ అద్దం ముందు నిలబడి సాధన చేసేవాడు. అమ్మ పాపం నిజమనుకుని దగ్గుమందు సీసా కొని తెచ్చింది.

ఈ వెర్రిమాలోకాన్ని అక్క భరిస్తోందంటే దానికి కారణం ఆమె పాట. పొద్దస్తమానం ఒకరికి వదులు చేసి, ఇంకొకరికి బిగించి, మిషను దడదడలోంచి కట్టుకున్న సొంత పాట అది. దాన్ని నలుగురి ముందూ వినిపించాలని ఆమెకి ప్రాణం కొట్టుకుపోతోంది. కోటు చింపి పెడితే ఆదివారం ఊరి హాల్లో జరిగే బ్యాండ్ల కచేరీలో ఆఖరున అదే వాయిద్దామని తమ్ముడు మాటిచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. వీళ్ళకంటే ముందు ఎక్కిన బ్యాండ్లన్నింటికీ అదే భుజం కింద అదే చిరుగు. తమ్ముడి కోటు చూసి దుకాణానికి వరసకట్టినవాళ్ళవే వాటిలో సగం; తన చేతి చింపుల్ని గుర్తుపట్టి అక్క తల దించుకుంది. ప్రతి గాయకుడూ అదే పాట ఎత్తుకున్నాడు, అదే చోట దగ్గాడు. జనం కూడా తోడు దగ్గారు. హాలు కాస్తా ధర్మాసుపత్రి వరండా అయి కూర్చుంది. ఇంతమంది ఒళ్ళు మరిచి ఒకడి జలుబుకి మొక్కడం చూడలేక ఆమె డ్రమ్స్ పుల్లలు తుడుస్తూ కూర్చుంది.

తమ వంతు వచ్చింది. ఆఖరి పాటకి ముందు ముళ్ళపంది వెనక్కి వంగి గుసగుసలాడాడు.

"నీ పాట వద్దక్కా. జనం దగ్గు కోసం కాచుక్కూచున్నారు."

"మాటిచ్చావురా!"

"ఇచ్చాలే. కానీ అది ఎవరి పాటలాగా ఉందో ఎంత ఆలోచించినా తట్టట్లేదు. ఎవరిలాగా లేదక్కా అది."

వాడు తిట్టాననే అనుకున్నాడు. అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళు కొరుక్కుంటూ గురువుల పాటే వాయించింది. దగ్గు చోటు వచ్చింది. గిటారు ఆగింది, బేసు ఆగింది. అక్క ఆగలేదు. మిషను దడదడ అందుకుని, మైకు కూడా లేకుండా తన పాట ఎత్తుకుంది. ముళ్ళపందికి దగ్గు అడ్డం తిరిగి నిజంగానే పొలమారింది. ఆమె గొంతు జీరబోయింది, చొక్కా మోచేతి దగ్గర పర్రున చిరిగింది. ఇంతలో చెమటకి కుడి చేతిలోని పుల్ల జారి జనంలో పడింది. ఉత్త అరచేత్తో కొడుతూ పాట ముగించింది.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తూ నిలబడ్డారు.

"నా దగ్గు నాశనం చేశావు," అని తమ్ముడు ఆ పూట నుంచి మాట్లాడటం మానేశాడు. బ్యాండు ఆమెను వదిలించుకుంది. పాట నవ్వులపాలైందనుకుని అక్క మిషను చప్పుడు కూడా వినబుద్ధి కాక ఏడ్చింది.

కొన్నాళ్ళకి దుకాణానికి ఒక అమ్మాయి వచ్చింది. మడత నలగని చొక్కా బల్లమీద పెట్టి, మోచేతి దగ్గర చింపమంది. తలెత్తిన అక్కని చూడగానే అమ్మాయి కళ్ళు ఇంతయ్యాయి.

"మీరేనా! ఆ ఆదివారం హాల్లో విన్నప్పట్నుంచీ మా బ్యాండు మీ పాటే వాయిస్తోంది తెలుసా? డ్రమ్స్ నావే. సరిగ్గా మీలాగే, మీరు వదిలిన చోటే పుల్ల వదిలేస్తా. నెలంతా అదే ప్రాక్టీసు."

చీ, నీ పాట నువ్వు కట్టుకోవే పిచ్చిమొహమా అని కసిరేద్దామనుకుంది అక్క. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తన పాట ఎక్కడో ఎవరి నోటనో ఆడుతోందన్న మాటకి లోపల సంతోషం పొంగుకొచ్చింది. అది సిగ్గుమాలిన సంతోషమని ఆమెకి తెలుసు. అయినా ఆగలేదు.

టేపు అందుకుంది.

"పుల్ల ఏ చేతిది వదిలేస్తున్నావు?"

"ఎడమ చేతిదండీ."

"తప్పు," అంది అక్క కటువుగా, మోచేతి మీద సుద్దతో గీత గీస్తూ. "నాది కుడి చేతిది జారింది."