శబ్దం లేని ఫ్యాను

నేను ఒక టేబుల్ ఫ్యాన్‌ని. ఆకుపచ్చ రెక్కలు మూడు, మీటలు నాలుగు. వాటిలో పనిచేసేవి రెండు. నేను పుట్టిన రోజున ఫ్యాక్టరీలో కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన నన్ను తిప్పి, దగ్గరగా చెవి పెట్టి విని, "సౌండ్ లేదు, పాస్" అన్నాడు. నా అట్టపెట్టె మీద కూడా 'శబ్దం లేని ఫ్యాను' అని అచ్చు వేశారు. అచ్చులో ఉన్న మాటను అనుమానించే అలవాటు నాకు లేదు. ముఖ్యంగా అది నా గురించి అయినప్పుడు.

నన్ను కొన్నది టైలర్ సైదులు. నాలుగేళ్లు అతని కుట్టుమిషను పక్కనే ఉన్నాను. కొలతలకు వచ్చినవాళ్లు చాలామంది, "నేనేం లావు కాలేదు, నువ్వే బిగుతుగా కుట్టావు" అని అతనితో తగువు పడేవారు. తమ నడుము సంగతి టేపు చెప్పినా నమ్మరే అని మనుషులను చూసి నవ్వుకునేదాన్ని.

తర్వాత సైదులు కొట్టుకు సీలింగ్ ఫ్యాను వచ్చింది. నన్ను ఎదురుగా ఉన్న అంగన్‌వాడీకి ఇచ్చేశాడు. ఊరికే ఇవ్వలేదు. ఎర్ర రంగు డబ్బా తెచ్చి ఒక రెక్క మీద 'దాత', ఇంకో రెక్క మీద 'టైలర్', మూడో రెక్క మీద 'సైదులు' అని రాశాడు. మూడోది సరిగా కనిపించడం లేదని దాని మీద మరో మూడుసార్లు పూశాడు. ఫొటో దగ్గర చిక్కు వచ్చింది. నేను తిరిగితే పేరు కనిపించదు. అందుకని మండే ఎండలో నన్ను ఆపేసి, నా చుట్టూ చేరి, అందరూ చెమటలు కార్చుకుంటూ నవ్వారు.

అంగన్‌వాడీలో పిల్లలు ఒంటిగంటకు అన్నం, గుడ్డు తిని చాపల మీద పడుకుంటారు. వాళ్ల పక్కనే ఆయా దీనమ్మ కూడా నడుం వాలుస్తుంది. నేను వచ్చిన రోజు నుంచే ఆ గదిలో గడగడమని ఒకటే చప్పుడు. ఎవరిదా అని నేనేమీ వెతకలేదు. దీనమ్మ నోరు తెరిచి నిద్రపోతోంది. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

చప్పుడు ఎవరిదని టీచరమ్మ అడిగితే దీనమ్మ నా వైపు వేలు చూపించింది. "నాకు గురకే లేదమ్మా. మా ఆయన ఉందంటాడు, ఒట్టి అబద్ధం. అది ఆ ఫ్యానే."

టీచరమ్మ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి.

ఈ చప్పుడుకు మూడేళ్ల వెన్నెల మాత్రం నిద్రపోయేది కాదు. కాసేపు కళ్లు పెద్దవి చేసుకుని చూసి ఏడుపు మొదలుపెట్టేది. దాని ఏడుపుకు మిగతావాళ్లంతా లేచేవారు. దాని తల్లి నాగేంద్రం మిరపకోతకు వెళుతుంది. ఒకరోజు పొద్దున టీచరమ్మ ఆమెను ఆపింది.

"ఈ వారం చూస్తాను నాగేంద్రం. అప్పటికీ పడుకోకపోతే మధ్యాహ్నం నువ్వే వచ్చి తీసుకెళ్లాలి."

"మధ్యలో వస్తే మేస్త్రి రేపట్నుంచి రావద్దంటాడు టీచరమ్మా. చేలోకి తీసుకుపోదామంటే, పోయినసారి అక్కడి కాయ పట్టుకుని కళ్లు నులుముకుంది. సాయంత్రం దాకా తెరవలా."

ఇదంతా దీనమ్మ వల్లే కదా అని నాకు చాలా కోపం వచ్చింది. దీనమ్మ కూడా నన్ను అలాగే చూసింది.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను ఆగిపోయాను. గడగడ కూడా ఆగింది. దాని కింద నుంచి ఇంకో చప్పుడు బయటపడింది. గుర్ర్ అని, చివర్లో చిన్న ఈలతో. తన గురకకు తనే ఉలిక్కిపడి లేచిన దీనమ్మ ముందు నన్ను చూసింది. నా రెక్కలు కదలకుండా ఉన్నాయి. సైదులు పేరు చక్కగా కనిపిస్తోంది.

"అయితే నేనేనా," అంది దీనమ్మ. ఇరవై ఏళ్లు మొగుణ్ణి అబద్ధాలకోరు అన్నది గుర్తొచ్చిందేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

నేను గెలిచాను. ఆ గెలుపు సరిగ్గా ఒక్కరోజు ఉంది.

ఆ తర్వాతి రోజు దీనమ్మ పడుకోలేదు. వెన్నెలను ఒళ్లో పెట్టుకుని జోకొడుతూ కూర్చుంది. నోరు మూసుకునే ఉంది. అయినా గడగడ. బల్లి మీద అనుమానపడ్డాను. బియ్యం డబ్బా మీద అనుమానపడ్డాను. గదిలో ఇక ఎవరూ మిగల్లేదు.

దీనమ్మ నాతో నెమ్మదిగా అంది: "నిన్న నా సంగతి తేలింది, ఇయ్యాల నీ సంగతి తేలింది. ఇంకా తలెందుకు ఊపుతావ్?"

ఫ్యాక్టరీలో ఆయన చెప్పింది ఆ రోజుకు నిజమే. తర్వాత నన్ను నేను ఒక్కసారి కూడా వినలేదు.

దీనమ్మ కేకేస్తే సైదులు వచ్చాడు. "నా దగ్గర ఉన్నప్పుడు కిక్కురుమనలా," అన్నాడు.

"నీ దగ్గర ఉన్నప్పుడు దాని మీద నీ పేరు లేదుగా అబ్బాయ్."

అతను నన్ను ఆపి మూడో రెక్క మీద చెయ్యి వేశాడు. రంగు అట్టులా మందంగా ఉంది. ఆ బరువుకే నేను తిరిగినప్పుడల్లా ఒకపక్కకు ఒరిగి వణుకుతున్నాను. "సగం గీకితే సరిపోదా పిన్నీ?" అన్నాడు. 'లు' తీసి తిప్పి చూశాడు. గడగడ. 'దు' తీశాడు. కొంచెం తగ్గింది. ఒళ్లో వెన్నెల ఇంకా కళ్లు తెరిచే ఉంది. అతను దాన్ని చూసి, ఒక నిట్టూర్పు విడిచి, దారాలు కోసే బ్లేడుతో 'సై' కూడా గీకేశాడు.

మీట నొక్కారు. గాలి తప్ప ఏమీ లేదు. కాసేపటికి వెన్నెల నోరు తెరిచి నిద్రపోయింది.

"ఇప్పుడు 'దాత టైలర్' అనే ఉంది," అంది దీనమ్మ. "ఊళ్లో టైలర్లు ఇద్దరున్నారే. ఆ రెండో ఆయనకు పోతుందేమో పేరు."

సైదులు గుమ్మం దగ్గర ఆగాడు. "పోనీలే. పడుకుందిగా," అన్నాడు గుసగుసగా.

సాయంత్రం నాగేంద్రం వచ్చి, మిరప ఘాటు చేతులు వెనక్కి పెట్టుకునే, "ఏడ్చిందా?" అని అడిగింది. ఏడవలేదని విన్నాకే వాటిని కడుక్కోవడానికి వెళ్లింది.

ఇప్పుడు దీనమ్మ ఒకపక్కకు తిరిగి పడుకుంటుంది. గురక మొదలైతే వెన్నెల ఆమె భుజం తట్టి, "ఆయమ్మా, నువ్వే," అంటుంది. నేను రోజూ పిల్లలు పడుకోగానే మొదట నన్ను నేను వింటాను. ఏ చిన్న చప్పుడు వినిపించినా ముందు నేనేనేమో అనుకుంటాను. తల మాత్రం ఇంకా అడ్డంగానే ఊగుతోంది. పాత అలవాటు, మీరు పట్టించుకోకండి.