తమ్ముడు ఎక్కించిన ఫర్మ్‌వేర్

మా తమ్ముణ్ని ఇంట్లో అందరం ఇంజనీరు అంటాం. చదివి కాదు. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. కంటబడ్డ ప్రతిదాన్నీ విప్పుతాడు గనక ఆ పేరు. నా మిక్సీ విప్పి రెండేళ్లు దాటింది, అదింకా సంచుల్లోనే ఉంది. అలాంటివాడి చేతిలో నా కాపురం పెట్టాను చూడండి, నన్ననాలి!

మా ఆయన సరుకుల ఓడలో మెకానిక్. ఇప్పుడున్న రేవుతో ఆయన ఒప్పందం అయిపోతుంది. దిగి ఇంటికి వచ్చెయ్యొచ్చు, లేదా సంతకం పెట్టి ఇంకో తొమ్మిది నెలలు ఉండిపోవచ్చు. కిందటిసారి వీడియో కాల్‌లో దీని మీదే పోట్లాడుకున్నాం. నేను అరుస్తుండగానే నెట్ పోయింది. ఫోన్ నేనే పెట్టేశాననుకున్నాడాయన. కాదని నేనూ చెప్పలేదు. నా పొగరు అలాంటిది. అప్పటినుంచి ఆయన ఏం రాసినా 'ఊఁ' అనో 'సరే' అనో కొట్టి ఊరుకుంటున్నాను. చివరికి నిన్న మధ్యాహ్నం ఆయనే ఒక మెట్టు దిగాడు. "రేపు పొద్దున ఓడ కదిలేలోపు కాల్ చేస్తాను. నువ్వేమంటే అదే" అని మెసేజ్ పెట్టాడు.

వచ్చెయ్యమందామని అప్పుడే అనుకున్నాను. ఆ ఒక్క మాటా కొట్టి పడేస్తే పోయేది కదా! లేదు, ముఖం చూసి చెప్పాలని నా ముచ్చట.

మేముండేది నేలకింద వాటా. కిటికీలోంచి చూస్తే రోడ్డున పోయేవాళ్ల కాళ్లు కనిపిస్తాయి. ఇంట్లో ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. మెట్లెక్కి వీధిలోకి పోతే ఒక గీత వస్తుంది, అదీ దాని ఇష్టం. మాకు దిక్కల్లా గోడకున్న రౌటరే. అది కాస్త వేడెక్కితే చాలు, చతికిలబడుతుంది. బాగుచేసి తెస్తానని నిన్న సాయంత్రం తమ్ముడు దాన్ని పట్టుకుపోయాడు.

పొద్దున్నే చంకలో ఇంకో డబ్బాతో దిగాడు.

"అక్కా, ఇంక బావ కాల్ మధ్యలో తెగదు. సెకండ్ హ్యాండ్‌లో కారుచౌకగా కొట్టుకొచ్చా."

దాని మీద వేరే నెట్ కంపెనీ ముద్ర ఉంది.

"వాళ్ల డబ్బా మనకెలా పనిచేస్తుందిరా?"

"అందుకే డబ్బాని నడిపే వాళ్ల ప్రోగ్రాం, ఫర్మ్‌వేర్ అంటారు, పీకేసి ఓపెన్ సోర్స్‌ది ఎక్కిస్తా. అంటే ఎవరైనా వాడుకోవచ్చని జనం రాసి ఊరికే పెట్టిన ప్రోగ్రామన్నమాట. చిటికెలో పని."

"మరి మన పాతది?"

"దీనికి మార్పిడి కింద అదే ఇచ్చేశాగా."

ఆయన కాల్ ఏ క్షణానైనా రావచ్చు. తిట్టడానికి కూడా టైం లేదు. డబ్బాని కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించి వాడు ఏవో నొక్కాడు. తెర మీద గీత మెల్లగా పాకుతోంది. "ఇప్పుడు కరెంటు పోయిందంటే ఇది ఇటుకే, ఇంకెందుకూ పనికిరాదు" అన్నాడు. శుభమా అని అప్పుడా చెప్పడం! ఫ్యాన్ స్విచ్ వైపు వెళ్లడానికి కూడా భయపడి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

కరెంటు పోలేదు. గీత నిండింది, దీపం నిలకడగా వెలిగింది. ఎక్కిందని వాడు ఎగిరి గంతేశాడు. నా ఫోన్‌లో మాత్రం ఏమీ కనిపించలేదు. కొత్తది మొదట్లో వైఫై మూసే ఉంచుతుందట. లాప్‌టాప్‌లోంచి లోపలికెళ్లి దాన్నీ తెరిచాడు. నా ఫోన్‌లో నాలుగు గీతలు నిండుగా వచ్చాయి. వాణ్ని ముద్దు పెట్టుకుందామన్నంత సంతోషం వేసింది.

కానీ నెట్ రాలేదు. తెర మీద యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది.

"ఎవరివిరా అవి?"

"మన నెట్ కంపెనీ ఇచ్చినవి. అవి ఉంటేనే లైను కలుస్తుంది. పాత డబ్బాలో ఉండేవి."

"అయితే దాన్ని తీసుకున్నవాడికి ఫోన్ చెయ్యి."

వాడు తల గోక్కున్నాడు. "ఇచ్చేముందు అంతా చెరిపేశానక్కా. మన వివరాలు పరాయివాడి చేతిలో పడకూడదని."

ఇంత జాగ్రత్త వీడికి ఎప్పుడూ లేదు. నిన్ననే పుట్టుకొచ్చింది!

"కంపెనీకే ఫోన్ చేస్తా. నువ్విక్కడే కూర్చో. వాళ్లు చెప్పింది కిటికీలోంచి అరుస్తా, నువ్వు కొట్టు. ఆ వెంటనే బావతో మాట్లాడుకోవచ్చు" అంటూ మెట్లెక్కిపోయాడు.

లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కిటికీలో వాడి చెప్పులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. వాడి ఫోన్ స్పీకర్‌లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, ఆ తర్వాత సంగీతం. "ఏమైందిరా?" అంటే "వస్తున్నారక్కా, ఒక్క నిమిషం" అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే జవాబు. లేచి పైకి పోదామా, ఆ ఒక్క గీతతోనైనా ఆయనకి ఒక ముక్క పంపుదామా అని మనసు పీకుతూనే ఉంది. నేను పోతే ఇక్కడ కొట్టేదెవరు? ఇంకొక్క నిమిషమేగా అని కూర్చుండిపోయాను.

చెప్పులు ఆగాయి. వాడు వంగి కిటికీలో ముఖం పెట్టాడు.

"అక్కా, కనెక్షన్ ఎవరి పేరు మీదుంది?"

"మీ బావ పేరు మీద."

"ఖాతాదారే మాట్లాడాలంటున్నారు."

మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలియదు. వాడి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను.

"నేను ఆయన భార్యనమ్మా."

"క్షమించండి మేడం. ఖాతాదారు స్వయంగా అడిగితేనే పాస్‌వర్డ్ ఇవ్వగలం."

"ఆయన ఓడలో ఉన్నారు తల్లీ! ఆయనతో మాట్లాడడానికే ఈ నెట్టు. కాస్త దయ చూడమ్మా."

"మీ పరిస్థితి అర్థమైంది మేడం. కానీ రూల్ అండీ."

జన్మలో ఎవర్నీ అలా బతిమాలి ఎరగను. అప్పుడే రెండో చేతిలో నా ఫోన్ కదిలింది. ఆ ఒక్క గీతా నన్ను కనికరించినట్టుంది. ముందు ఆయన చేసిన మిస్డ్ కాల్స్ వరసగా వచ్చి పడ్డాయి. వాటి కింద మెసేజ్.

"ఎన్నిసార్లు చేసినా కలవట్లేదు. మాట్లాడడం ఇష్టం లేక నెట్ తీసేసి ఉంటావు. ఈ కోపంలో నేనొచ్చి నిన్ను ఇంకా బాధపెట్టడం ఎందుకులే. సంతకం పెట్టేశాను. ఓడ కదిలింది. జాగ్రత్త."

వెంటనే కాల్ నొక్కాను. కలవలేదు. మళ్లీ నొక్కాను. తమ్ముడు నా ముఖం చూసి "ఏమైందక్కా?" అంటూ దగ్గరికొచ్చాడు. నా ఫోన్ తెర వాడివైపు తిప్పాను.

చెవి దగ్గర ఆ అమ్మాయి ఇంకా లైన్‌లోనే ఉంది.

"మేడం, వింటున్నారా? ఖాతాదారు ఎప్పుడు అందుబాటులోకి వస్తారో చెప్పగలరా?"

"తొమ్మిది నెలలకి" అన్నాను.